మోడల్ రైల్వే ట్రాక్: ఎంపిక నుంచి వైరింగ్ దాకా, వరుస తప్పకుండా

ఇంజన్ కొత్తది, ట్రాక్ కొత్తది. అయినా రైలు ఒకచోట పరుగెత్తి, ఇంకోచోట ఈసురోమంటుంది. పాయింట్ మీద, అంటే దారి రెండుగా చీలే చోట, ఆగిపోతుంది, వేలితో తోస్తే మళ్లీ కదులుతుంది. మోడల్ రైల్వే మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. ఇంజన్‌ని అనుమానించే ముందు బోర్డు కిందకి తొంగి చూడండి. చాలా ఇళ్లలో అక్కడ రెండే రెండు వైర్లు ఉంటాయి. మిగతా లేఅవుట్ అంతా పట్టాలని కలిపే జాయినర్ల దయ మీద నడుస్తుంటుంది.

కింద చెప్పబోయే పద్ధతికి ఆధారం ఒకటే: జాయినర్ పని రెండు పట్టాల్ని వరుసలో నిలబెట్టడం వరకే. కరెంటు ప్రతి పట్టా ముక్కకీ కింద నుంచి సొంత వైరు మీద రావాలి. కొనుగోలు, పరవడం, అతకడం అన్నీ ఈ లెక్కలోనే చేసుకుంటే తరువాత వెతుకులాట ఉండదు.

ఉదాహరణకి మామూలు ఇంటి లేఅవుట్ ఒకటి అనుకుందాం. 8×4 అడుగుల ప్లైవుడ్, దాని మీద ఒక ఓవల్, ఒక లూప్ లైను, బళ్లు నిలిపే పక్క లైన్లు, అంటే సైడింగులు రెండు, మొత్తం నాలుగు పాయింట్లు.

1. కొనేముందు జాగా లెక్క

హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అసలు కొలతలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ స్కేలు అంటే 1:160, దూరం 9 మి.మీ. బ్రిటన్‌లో ఎక్కువగా వాడే ఓఓ స్కేలు 1:76 అయినా నడిచేది అదే 16.5 మి.మీ. ట్రాక్ మీద. ఇక్కడ చెప్పేదంతా దానికీ వర్తిస్తుంది.

మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. దాటుతుంది. కానీ బజార్లో దొరికే భారతీయ ఇంజన్ల హెచ్‌ఓ మోడళ్లు మామూలు 16.5 మి.మీ. ట్రాక్ మీదే నడుస్తాయి. కొలత కచ్చితంగా ఉండాలంటే పట్టాలు, పాయింట్లు, చక్రాల ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి. మొదటి లేఅవుట్‌కి ఆ జోలికి వెళ్లకండి.

అసలు చిక్కు వంపు దగ్గర వస్తుంది. మీ దగ్గరున్న పెట్టెల్లో పొడవైనదాన్ని కొలవండి, దాన్ని మూడుతో గుణించండి. వంపు వ్యాసార్ధం కనీసం అంత ఉంటే రైలు నమ్మకంగా తిరుగుతుంది. కప్లర్లతో, అంటే పెట్టెల్ని కలిపే కొక్కేలతో కలిపి, మన ఎక్స్‌ప్రెస్ రైళ్లలో వచ్చే ఎల్‌హెచ్‌బీ రకం పెట్టె దాదాపు 24 మీటర్లు, హెచ్‌ఓలో 276 మి.మీ. మూడింతలు చేస్తే 828 మి.మీ.

ఇప్పుడు ప్లైవుడ్ చూడండి. నాలుగు అడుగులు అంటే 1,220 మి.మీ. రెండు అంచుల దగ్గరా 5 సెం.మీ. వదిలితే మిగిలే వ్యాసార్ధం 560 మి.మీ., అంటే 22 అంగుళాలు. పొడుగు పెట్టెలు దాని మీద తిరగొచ్చు గాని, వంపు బయటికీ లోపలికీ బాగా వేలాడతాయి. కప్లర్లు పక్కకి లాగుతాయి. వెనక్కి తోసేటప్పుడు పట్టాలు తప్పుతాయి.

ఇలాంటప్పుడు దారులు మూడు. గూడ్సు బళ్లతో సరిపెట్టుకోవడం ఒకటి: బాక్స్‌ఎన్ వ్యాగన్ సుమారు 10.7 మీటర్లే, హెచ్‌ఓలో 123 మి.మీ. కాబట్టి ఈ వంపు దానికి ధారాళంగా సరిపోతుంది. ఎన్ స్కేలుకి మారడం రెండోది: అదే ఎల్‌హెచ్‌బీ అక్కడ 150 మి.మీ., 450 మి.మీ. వంపు చాలు. మూడోది గోడల వెంట షెల్ఫ్ మీద లేఅవుట్. పొడవాటి ఎక్స్‌ప్రెస్ రైలే మీ కోరిక అయితే ఎన్ స్కేలు తీసుకోండి. ఇంత జాగాలో రాజీ పడకుండా అది కుదిరేది అందులోనే.

☐ పొడవైన పెట్టె కొలత × 3 = కనీస వంపు
☐ ఎడమ వంపు, కుడి వంపు వెంటవెంటనే వస్తే మధ్యలో కనీసం ఒక పెట్టె పొడవు తిన్నని ట్రాక్
☐ ఎక్కుడు ఉంటే 2 శాతం లోపు, అంటే మీటరుకి 2 సెం.మీ.
☐ బోర్డు మధ్యకి చెయ్యి అందుతుందా? ఒక వైపు గోడ ఉంటే 75 సెం.మీ. దాటి చాచి పనిచేయడం కష్టం

2. పట్టా కోడ్, లోహం

ప్యాకెట్ మీద కోడ్ 100, కోడ్ 83, కోడ్ 75 అని ఉంటుంది. అది పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 అంటే 2.54 మి.మీ., కోడ్ 83 అంటే 2.1 మి.మీ. ఎన్ స్కేలులో కోడ్ 80, కోడ్ 55 ఎక్కువ.

కోడ్ 100 మొరటుగా కనిపించినా గట్టిది. చక్రాల అంచులు లోతుగా ఉండే పాత మోడళ్లు కూడా దాని మీద స్లీపర్ల మేకులకి తగలకుండా నడుస్తాయి. కోడ్ 83, 75 చూడ్డానికి నాజూకుగా ఉంటాయి, కొత్త మోడళ్లకి ఇబ్బంది లేదు. లేఅవుట్ అంతా ఒకే కోడ్ వాడండి. తప్పనిసరై కలపాల్సివస్తే ఆ రెండు కోడ్‌లకీ సరిపోయే ప్రత్యేక జాయినర్లు దొరుకుతాయి. మామూలు జాయినర్‌ని నొక్కి కుదర్చాలని చూస్తే పట్టాల తలలు మెట్టులా నిలబడతాయి.

లోహంలో నికెల్ సిల్వర్ తప్ప ఇంకేదీ తీసుకోకండి. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఇత్తడి పట్టాలు తొందరగా మసకబారి కరెంటుని ఆపేస్తాయి. స్టీలు పట్టాలు మన వానాకాలంలో తుప్పు పడతాయి. బాక్‌మన్ కంపెనీ ఈజెడ్ ట్రాక్‌లో పట్టాల కింది ప్లాస్టిక్ కట్ట రంగు చూసే తెలుసుకోవచ్చు: బూడిద రంగు కట్ట ఉంటే నికెల్ సిల్వర్, నల్ల కట్ట ఉంటే స్టీలు. స్టార్టర్ సెట్టుతో నల్లది వచ్చి ఉంటే, దానికి ఇంకా ముక్కలు కొనేముందు ఇక్కడే ఆగి ఆలోచించండి.

3. ముక్కల ట్రాకా, ఫ్లెక్స్ ట్రాకా

కట్టతో కలిసి వచ్చే ముక్కల ట్రాక్, అంటే కాటో యూనిట్రాక్, బాక్‌మన్ ఈజెడ్ లాంటివి, నేల మీద పరిచి తీసేయడానికి బాగుంటాయి. అద్దె ఇంట్లోనో, అమెరికాలో అపార్ట్‌మెంట్‌లోనో ఉండి ఏటా సామాను సర్దుకునేవాళ్లకి నా సలహా యూనిట్రాక్. దాని జాయినర్లు గట్టిగా పడతాయి, అరిగితే మార్చుకోవచ్చు.

స్థిరంగా ఒకచోట ఉండే లేఅవుట్ అయితే ఫ్లెక్స్ ట్రాక్ మేలు. ఒక్కో పొడవు సుమారు 91 సెం.మీ. వంపు మనకి కావలసినట్టు వస్తుంది. అతుకులు తగ్గుతాయి, అతుకులు తగ్గితే తంటాలూ తగ్గుతాయి. కొలిచి కోయడం, అంచులు రాయడం నేర్చుకోవాలి, అంతే. ఒక పొడవు పాడుచేసుకునైనా చెయ్యి అలవాటు చేసుకోండి.

కొనేటప్పుడు ప్లాన్‌లో ఉన్నదానికంటే పదో వంతు ఎక్కువ తీసుకోండి. మన దగ్గర ఒక ముక్క తగ్గితే మళ్లీ తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది.

4. పాయింట్లు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

ట్రాక్‌లో ఎక్కడైనా పొదుపు చేయండి గాని పాయింట్ల దగ్గర వద్దు. పట్టాలు తప్పేవి, ఇంజన్లు ఆగేవి ఎక్కువగా ఇక్కడే.

అమెరికా పద్ధతిలో పాయింట్‌కి నంబరు ఉంటుంది. నంబరు 6 అంటే ఆరు అంగుళాలు ముందుకి వెళ్తే ఒక అంగుళం పక్కకి విడిపోతుంది. మన రైల్వేలో 1 ఇన్ 8.5, 1 ఇన్ 12 అనేది కూడా ఇదే లెక్క. నంబరు పెరిగేకొద్దీ వంపు సులువు, కానీ పొడవు పెరుగుతుంది. మెయిన్ లైనులో నంబరు 6, సైడింగుల్లో నంబరు 4 మంచి సర్దుబాటు. పీకో కంపెనీ స్ట్రీమ్‌లైన్ పాయింట్లలో స్మాల్ 610 మి.మీ., మీడియం 914 మి.మీ., లార్జ్ 1,524 మి.మీ. వ్యాసార్ధం. మన ప్లైవుడ్‌కి మీడియం తీసుకోండి.

రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే వి ఆకారపు ముక్కే ఫ్రాగ్. మన రైల్వేవాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు. ప్లాస్టిక్ ఫ్రాగ్‌లో కరెంటు ఉండదు, వైరింగ్ సులువు. కానీ చక్రాలు తక్కువున్న చిన్న ఇంజన్లు దాని మీద ఆగిపోతాయి. లోహపు ఫ్రాగ్‌కి కరెంటు ఇస్తే ఏ ఇంజనైనా నత్తనడకన కూడా దాటుతుంది, కాకపోతే ఒక స్విచ్ కావాలి. పీకోలో వీటి పేర్లు ఇన్సుల్‌ఫ్రాగ్, ఎలక్ట్రోఫ్రాగ్. యూనిఫ్రాగ్ అయితే ఫ్రాగ్ వైరుని ప్రస్తుతానికి వదిలేసి, కావాల్సినప్పుడు కలుపుకోవచ్చు. కొత్తగా కొనేవాళ్లు యూనిఫ్రాగ్ కొనండి.

5. సామాను సిద్ధం

☐ 12 మి.మీ. ప్లైవుడ్, నీటికి తట్టుకునే రకం. రెండు వైపులా, అంచులకీ ప్రైమర్ వేసి ఆరబెట్టాలి
☐ కార్క్ షీటు: హెచ్‌ఓకి 5 మి.మీ., ఎన్‌కి 3 మి.మీ.
☐ మెత్తటి ఫైలు, పట్టాలు కోసే కట్టర్ లేదా సన్నపళ్ల రంపం
☐ 40 నుంచి 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్
☐ 60/40 సోల్డర్ తీగ, 1 మి.మీ. లోపు. రోజిన్ పేస్ట్. ప్లంబర్లు వాడే యాసిడ్ ఫ్లక్స్ వద్దు, పట్టాలని తినేస్తుంది
☐ 1.5 చ.మి.మీ. రాగి వైరు, ఎరుపు, నలుపు
☐ 0.5 చ.మి.మీ. వైరు, అవే రంగులు, ఫీడర్లకి, అంటే పట్టాలకి కరెంటు తెచ్చే సన్నవైర్లకి
☐ మామూలు జాయినర్లు, ప్లాస్టిక్ ఇన్సులేటెడ్ జాయినర్లు
☐ బజర్ ఉన్న మల్టీమీటర్
☐ దొరికితే మీ స్కేలుకి సరిపోయే ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) గేజ్, పట్టాల దూరం, చక్రాల దూరం రెండూ చూసే లోహపు బిళ్ల

ఐరన్ సంగతి. 25 వాట్లది మెల్లగా వేడిచేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ స్లీపర్లకి మంచిదని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి విరుద్ధం. వేడి చాలక పది సెకన్లు పట్టా మీదే ఉంచాల్సి వస్తుంది, ఈలోగా స్లీపర్లు కరుగుతాయి. వాట్లు ఎక్కువున్న ఐరన్ రెండు మూడు సెకన్లలో పని ముగిస్తుంది.

6. ట్రాక్ పరిచే వరుస

ఎ. ముందు పాయింట్ల చోట్లు గుర్తు పెట్టండి. అవి మారవు, మధ్యలోని ట్రాక్‌నే వాటికి తగ్గట్టు కోసుకోవాలి. పాయింట్ మోటారు బోర్డు కింద వస్తుందనుకుంటే, అక్కడ అడ్డంగా కర్ర లేకుండా చూసుకుని ఇప్పుడే రంధ్రం వేయండి.

బి. కార్క్‌ని పల్చగా రాసిన ఫెవికాల్‌తో అతికించి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున అరచేత్తో రాసి చూస్తే ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. గరుకు కాగితంతో సమం చేయండి.

సి. ప్రతి పట్టా చివరా ఫైలు పట్టండి. కోసిన అంచు పైన, లోపలి మూలల్లో, అడుగున చిన్న బొడిపెలు ఉంటాయి. అడుగు బొడిపె వల్ల జాయినర్ ఎక్కదు, లోపలి బొడిపె చక్రాన్ని తన్నేస్తుంది.

డి. వంపులో అతుకు వస్తే, రెండు ఫ్లెక్స్ ముక్కల్ని తిన్నగా ఉండగానే జాయినర్‌తో కలిపి సోల్డర్ చేసి, ఆ తరువాత వంచండి. విడివిడిగా వంచి కలిపితే అతుకు దగ్గర కోణం వస్తుంది, అక్కడే రైలు తప్పుతుంది.

ఇ. తిన్నని ట్రాక్‌లో అతుకులు సోల్డర్ చేయకండి. ఐదు మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా, ఉష్ణోగ్రత 25 డిగ్రీలు పెరిగితే, సుమారు 2 మి.మీ. సాగుతుంది. జనవరి పొద్దుటికీ మే మధ్యాహ్నానికీ బెజవాడలో, రామగుండంలో అంత తేడా వస్తుంది. చలికాలంలో పరిస్తే ప్రతి అతుకులో ఒక విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉంచండి. మండే ఎండల్లో పరిస్తే దాదాపు ఆనించేయొచ్చు. ఖాళీ వదలకపోతే ఎండాకాలంలో పట్టాలు పాములా మెలి తిరుగుతాయి. చెక్క కూడా వానలకి ఉబ్బి ఎండలకి కుంచించుకుంటుంది, ప్రైమర్ వేయమన్నది అందుకే.

ఎఫ్. జిగురు పెట్టేముందు కన్ను పట్టా ఎత్తుకి దించి, వెంబడి చూడండి. పైనుంచి కనిపించని మెలిక అలా చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుండుసూదులతో నిలిపి, పాయింట్ బ్లేడ్ల, అంటే పక్కకి కదిలే సన్న పట్టాల, కింద మాత్రం జిగురు తగలకుండా అతికించండి.

కంకర ఇప్పుడే పోయకండి. వైరింగ్ పరీక్షలన్నీ అయ్యాకే ఆ పని.

7. వైరింగ్ ప్లాన్

ముందు మామూలు డీసీనా, డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతా తేల్చుకోండి. డీసీలో పట్టాల మీది వోల్టేజీ, సున్నా నుంచి 12 దాకా, ఇంజన్ వేగాన్ని నిర్ణయిస్తుంది. అదే ట్రాక్ మీద రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది, హెచ్‌ఓలో సుమారు 14–15 వోల్టులు. ఆదేశాలు అదే కరెంటులో సంకేతాలుగా వెళ్తాయి, ప్రతి ఇంజన్‌లోని డీకోడర్ తన నంబరు చూసుకుని కదులుతుంది.

డీసీసీకి రెండు వైర్లు చాలని అంటారు. కలపడానికి నిజంగా రెండే. కానీ నికెల్ సిల్వర్‌కి రాగి కంటే విద్యుత్ నిరోధం చాలా ఎక్కువ, దానికి తోడు జాయినర్లు వదులై మురికి పడతాయి. సంకేతం చివరిదాకా శుభ్రంగా చేరదు. షార్ట్ అయినప్పుడు బూస్టర్‌కి, అంటే పట్టాలకి డీసీసీ కరెంటు ఇచ్చే పెట్టెకి, తెలియదు. ఈ రెండోదే ప్రమాదం, దాని సంగతి పరీక్షల దగ్గర చెప్తాను.

కాబట్టి పద్ధతి ఇది. బోర్డు కింద, ట్రాక్ వెళ్లే దారిలోనే, రెండు లావు వైర్లు లాగండి. ఇది బస్. పది మీటర్ల లోపు లేఅవుట్‌కి 1.5 చ.మి.మీ. సరిపోతుంది. ఐదు మీటర్ల దూరానికి, రానూపోనూ కలిపి 3 ఆంపియర్ల వద్ద, అర వోల్టు లోపే పోతుంది. ఇంకా పెద్దదైతే 2.5 చ.మి.మీ. వాడండి.

ఈ వైరు ఇంటి వైరింగ్‌కి వాడేదే, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా మీటర్ల లెక్కన ఇస్తారు. ఒక్క జాగ్రత్త: 230 వోల్టుల వైరు ఏదీ బోర్డు కిందకి రానివ్వకండి. అడాప్టర్ బయటే ఉండాలి. బస్ మీద అక్కడక్కడా "ట్రాక్" అని లేబుల్ అంటించండి.

రంగు నియమం ఒకటి పెట్టుకుని గోడ మీద రాయండి. ఓవల్ బయటి పట్టా ఎరుపు, లోపలి పట్టా నలుపు. లూప్ లైనులో, సైడింగుల్లో పాయింట్ నుంచి అదే పట్టాని వేలితో అనుసరించి రంగు వేసుకోవాలి. మీటరుకో చోట బోర్డు పైనా కిందా చిన్న ఎరుపు చుక్క పెట్టండి. కింద తలకిందులుగా పడుకుని పనిచేసేటప్పుడు కుడిఎడమలు తారుమారవడం సహజం, ఆ చుక్కే కాపాడుతుంది.

డీసీలో రెండు రైళ్లు విడిగా నడపాలంటే ట్రాక్‌ని బ్లాకులుగా విడగొట్టాలి. లోపలి పట్టా అంతటా కలిసే ఉండొచ్చు, బయటి పట్టాలో బ్లాకు హద్దుల దగ్గర ప్లాస్టిక్ జాయినర్లు వేయండి. ప్రతి బ్లాకుకీ మధ్యలో ఆఫ్ ఉండే టోగుల్ స్విచ్ ఒకటి: మధ్య కాలికి బ్లాకు, ఒక వైపు మొదటి కంట్రోలర్, ఇంకో వైపు రెండోది. రేపు డీసీసీకి మారితే స్విచ్‌లన్నీ ఒకే వైపు పెడితే సరిపోతుంది. డీసీ కంట్రోలర్, డీసీసీ బూస్టర్ రెండూ ఒకేసారి ఒకే లేఅవుట్‌కి కలపకండి. ఇంజన్ చక్రం హద్దు దాటిన క్షణంలో రెండూ కలిసి ఏదో ఒకటి కాలిపోతుంది.

అమెరికా నుంచి అన్నయ్యో, పిన్నివాళ్లబ్బాయో తెచ్చిన సెట్టు అయితే అడాప్టర్ మీద చిన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 ప్లగ్గులో పెట్టకూడదు. 100–240 అని ఉంటే పిన్ మార్చేది చాలు. కొత్త అడాప్టర్ కొంటే అవుట్‌పుట్ వోల్టేజీ, ఏసీనా డీసీనా, ఆంపియర్లు, పిన్ ధ్రువాలు నాలుగూ పాతదానితో సరిపోలాలి.

8. ఫీడర్ అతకడం

బస్ నుంచి పట్టాకి వచ్చే సన్నవైరు ఫీడర్. ప్రతి విడి పట్టా ముక్కకీ ఒకటి. జాయినర్ దగ్గర రెండు ముక్కలు సోల్డర్ అయి ఉంటే వాటిని ఒకటిగా లెక్కపెట్టొచ్చు. పొడవు 30 సెం.మీ. దాటనివ్వకండి, సన్నవైరు పొడవైతే బస్ లావుగా ఉండి లాభం లేదు.

ఒక ఫీడర్ ఎలా వేయాలో దగ్గరగా చూద్దాం, ఈ పని బాగా వస్తే మిగతా సగం అయిపోయినట్టే.

పట్టా బయటి వైపు, రెండు స్లీపర్ల మధ్య, పట్టాకి ఆనుకుని 2 మి.మీ. రంధ్రం వేయండి. పట్టా నడుము మీద, అంటే తలకీ పాదానికీ మధ్య సన్నటి భాగంలో, ఫైలు మొనతో మెరుపు వచ్చేదాకా గీకండి. వైరు కొన 4 మి.మీ. ఒలిచి, పోగుల్ని మెలిపెట్టి, సోల్డర్ పట్టించండి. తరువాత ఆ కొనని అడ్డంగా, పట్టాకి సమాంతరంగా వంచండి.

గీకిన చోట పిసరంత రోజిన్ రాసి, ఐరన్ కొనకి కొద్దిగా సోల్డర్ తీసుకుని తాకించండి. పట్టా మీద వెండి రంగు పొర పరుచుకోవాలి. ఇరువైపులా స్లీపర్ల దగ్గర తడిపిన దూది పెట్టుకుంటే వేడి అవతలికి పాకదు.

ఇప్పుడు వైరు కొనని ఆ పొర మీద ఆనించి, బయటి నుంచి ఐరన్‌తో నొక్కండి. రెండు పొరలూ కరిగి కలవడం కళ్లకి కనిపిస్తుంది. ఐరన్ తీసేసి వైరుని కదపకుండా మూడు లెక్కపెట్టండి. అతుకు నున్నగా మెరవాలి. బూడిద రంగులో గరుకుగా ఉంటే మధ్యలో కదిలిందని అర్థం, మళ్లీ వేడిచేయండి. నాలుగు సెకన్లకి కూడా సోల్డర్ పారకపోతే ఆపేసి, చల్లారనిచ్చి, మళ్లీ గీకండి. పట్టుదలకి పోతే స్లీపర్ కరగడం తప్ప ఫలితం ఉండదు.

చివరగా పట్టా లోపలి వైపు వేలు పెట్టి రాయండి. సోల్డర్ బొట్టు ఏదైనా లోపలికి వచ్చి ఉంటే చక్రం అంచు ఎక్కుతుంది, ఫైలుతో తీసేయండి.

కింద బస్‌కి కలపడానికి సోల్డర్ అయినా సరే, లివర్ నొక్కే కనెక్టర్లయినా సరే. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం వద్దు. మన ఎండలకి టేపు జిగురు కారి ఊడిపోతుంది.

ఒక్కో ఫీడర్ కలపగానే మల్టీమీటర్‌ని బజర్‌లో పెట్టి రెండు పట్టాల్నీ తాకించండి. మోగకూడదు. మోగితే తప్పు ఇప్పుడు పెట్టిన ఫీడర్‌లోనే ఉంది, నిమిషంలో దొరుకుతుంది. ఇరవై కలిపాక చూసుకుంటే ఇరవైలో ఒకటి వెతకాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు కంట్రోలర్ వైర్లు విప్పేసి, ట్రాక్ మీద ఇంజన్లు తీసేసి ఉండాలి.

☐ రంధ్రం, గీకుడు, రోజిన్, పొర, అతుకు, ఇదే వరుస
☐ లోపలి వైపు నున్నగా ఉందా
☐ ఎరుపు వైరు ఎరుపు చుక్క వైపేనా
☐ బజర్ నిశ్శబ్దంగా ఉందా

సీసం ఉన్న సోల్డర్‌తో పనిచేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. కిటికీ తెరిచి ఉంచండి, పిల్లలు పక్కన ఉంటే మరీను.

9. లోహపు ఫ్రాగ్‌కి కరెంటు

ఫ్రాగ్ దగ్గర ఎరుపు పట్టా, నలుపు పట్టా కలుస్తాయి. పాయింట్ తిన్నగా ఉన్నప్పుడు ఫ్రాగ్ ఒక రంగు, పక్కకి తిరిగితే ఇంకో రంగు కావాలి. అందుకని స్విచ్.

ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు లోపలి పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వేయండి. ఎలక్ట్రోఫ్రాగ్‌లో ఇది తప్పనిసరి. ఈ ఒక్కటి మరిస్తే ఓవల్ మొత్తం షార్ట్ అవుతుంది. పాయింట్ బ్లేడ్లు మొదలయ్యే వైపు, అంటే ఒకే దారి ఉన్న వైపు, ఫీడర్లు ఇవ్వండి. ప్లాస్టిక్ జాయినర్ల అవతలి ట్రాక్‌కి విడిగా ఫీడర్లు ఇవ్వండి.

ఇక స్విచ్. బ్లేడ్లని కదిపే కడ్డీతో పాటే కదిలే మైక్రోస్విచ్ అయినా, టార్టాయిజ్ లాంటి మోటారులో ముందే ఉన్న స్విచ్ అయినా ఒకటే పద్ధతి. కామన్ కాలు ఫ్రాగ్‌కి, మిగతా రెండూ ఎరుపు, నలుపు బస్‌లకి. పాయింట్ తిప్పగానే షార్ట్ వస్తే ఎరుపు, నలుపు రెండూ ఇటుదటు మార్చండి. టార్టాయిజ్ పెడితే పీకో పాయింట్‌లోని చిన్న స్ప్రింగ్ తీసేయాలి, లేకపోతే మోటారు దానితో కుస్తీ పడుతుంది.

పాయింట్‌ని ఒక్క దెబ్బలో తిప్పే సాలెనాయిడ్ మోటార్లకి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. ట్రాక్ కరెంటు వాడకుండా వాటికి వేరే సప్లై పెట్టండి.

10. రైలు తిరిగి ఎదురొచ్చే లూప్

రైలు వెళ్లిన ట్రాక్ మీదకే ఎదురు దిశలో తిరిగి వస్తే అక్కడ ఎరుపు వెళ్లి నలుపుని కలుస్తుంది. ఓవల్ మధ్యలో ఏటవాలుగా వేసిన లైనులో కూడా ఇదే జరుగుతుంది, కాగితం మీద చూస్తే తట్టదు. కనిపెట్టడానికి వ్యాగన్ ఒక పక్కన ఎర్ర టేపు అంటించి, చేత్తో అన్ని దారుల్లో తోసి చూడండి. బయలుదేరిన చోటికే టేపు రెండో పక్కకి మారి వచ్చిందంటే అది రివర్స్ లూప్.

ఆ లూప్‌లో మీ పొడవైన రైలు కంటే పొడవైన భాగాన్ని ఎంచుకుని, రెండు చివరలా రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వేయండి. డీసీసీలో ఆ భాగానికి ఆటో రివర్సర్ మాడ్యూల్ పెడితే ఎరుపు, నలుపు మార్చడం అదే చూసుకుంటుంది. డీసీలో రివర్స్ టోగుల్ వేసి, రైలు లోపల ఆగినప్పుడు మార్చాలి. మొదటి లేఅవుట్‌లో ఇది లేకపోవడమే మంచిది.

11. రైలు ఎక్కించేముందు పరీక్షలు

డీసీసీ అయితే నాణెం పరీక్ష. పవర్ ఆన్ చేసి, మీటరుకో చోట, ప్రతి సైడింగ్ చివరా, లోహపు నాణెం రెండు పట్టాల మీదా అడ్డంగా ఆనించండి. బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి, నాణెం తీయగానే తిరిగి రావాలి. ట్రిప్ కాకపోతే నాణెం వెంటనే తీసేయండి. అక్కడ ఫీడర్ లేదన్నమాట, లేదా అతుకు చెడింది. వదిలేస్తే ఏదో ఒక రోజు పట్టాలు తప్పిన ఇంజన్ ఆ నాణెం పాత్ర పోషిస్తుంది. బూస్టర్‌కి షార్ట్ తెలియక, కరెంటు ఆగకుండా పారి, చక్రాలూ ప్లాస్టిక్కూ కరుగుతాయి.

డీసీలో ఈ పరీక్ష పనికిరాదు. దానికి బైక్ ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 10 వాట్ల ఫిలమెంట్ రకం, రెండు వైర్లతో తీసుకోండి. కంట్రోలర్ దగ్గరి పట్టాలకి తగిలించి వోల్టేజీ కొలవండి, తరువాత బల్బుతో సహా దూరపు పట్టాలకి వెళ్లి కొలవండి. అర వోల్టు కంటే ఎక్కువ పడిపోతే మధ్యలో ఎక్కడో అతుకు బాగోలేదు. బల్బు లేకుండా కొలిస్తే అన్నిచోట్లా 12 చూపిస్తుంది, లోపం బయటపడదు.

ఆ తరువాత ఒక్క ఇంజన్, పెట్టెలు లేకుండా, అతి తక్కువ వేగంలో అన్ని దారుల్లో రెండు దిశల్లోనూ తిప్పండి. వేగంగా తిప్పితే లోపాలు దొరకవు, ఊపు మీద దాటేస్తుంది. ఆగిన ప్రతి చోటా పెన్సిల్ గుర్తు పెట్టండి. గుర్తులన్నీ సరిచేశాకే కంకర. కంకర జిగురు పోసేటప్పుడు పాయింట్ బ్లేడ్లని టేపుతో కప్పండి.

12. తరచూ వచ్చే లోపాలు, మరమ్మతు

ఇంజన్ ఒకేచోట నెమ్మదిస్తుంది: ఆ ముక్కకి ఫీడర్ లేదు, లేదా ఉన్నది సరిగ్గా అతకలేదు. బల్బు పరీక్ష చేసి కొత్త ఫీడర్ వేయండి. జాయినర్‌ని పట్టకారుతో నొక్కితే నెల రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు.

పాయింట్ మీద చిటుక్కుమని మెరిసి డీసీసీ ట్రిప్ అవుతుంది: లోహపు చక్రం వెనక భాగం తెరుచుకున్న బ్లేడుకి తగులుతోంది. ముందు గేజ్‌తో చక్రాల మధ్య దూరం చూడండి, తక్కువుంటే సరిచేయండి. చక్రాలు బాగుంటే, ప్రతి బ్లేడుకీ దాని పక్క పట్టా రంగే అందేలా వైరింగ్ మార్చాలి. పీకో ఎలక్ట్రోఫ్రాగ్ అడుగున ఇందుకోసం తీయగలిగే వైరు ముక్కలు ఉంటాయి.

ఒకే పెట్టె మాటిమాటికీ తప్పుతుంది: లోపం పెట్టెలో ఉంది. చక్రాల దూరం, కప్లర్ ఎత్తు, బోగీ స్క్రూ బిగువు చూడండి. అన్ని పెట్టెలూ ఒకేచోట తప్పితే లోపం ట్రాక్‌లో ఉంది. అక్కడ వేలి గోరుతో పట్టా లోపలి అంచు వెంబడి గీయండి, మెట్టు ఉంటే గోరు ఆగుతుంది.

అంతటా ఇంజన్లు తడబడుతున్నాయి: దుమ్ము. మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టాల తల మీద తుడవండి, ఇంజన్ చక్రాలు కూడా. గరుకు కాగితం వాడితే సన్నని గీతలు పడి మురికి వాటిలోనే కూర్చుంటుంది. తుడిచిన ఆల్కహాల్ పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి.

ఎండాకాలంలో పట్టా పక్కకి పొంగింది: అతుకుల్లో ఖాళీ చాలలేదు. పొంగిన చోట బలవంతంగా మేకులు కొట్టకండి. దగ్గరి తిన్నని ట్రాక్‌లో అర మి.మీ. కోత పెట్టి, అది దానంతటదే సర్దుకున్నాక జాయినర్ లాగండి. కోతకి రెండు వైపులా ఫీడర్ ఉందో లేదో చూసి, లేని వైపుకి వేయండి.